తొలి గింజ సెలవు

మార్చి నెలలో సరస్సు మీద మబ్బు కమ్మితే ఊళ్లో అందరూ ఆకాశం వంక చూస్తారు. ఒవాగా వాళ్ల లోగిలిలో ఆడవాళ్లు మాత్రం పారలు భుజాన వేసుకుని బస్సు వచ్చే దారి వంక చూసేవాళ్లు. ఆ ఇంటికి వాన పడితే చాలదు, సిప్రోజా దిగాలి. సిప్రోజా అవినో ఆ ఇంటి పెద్దకోడలు, బడిలో పంతులమ్మ. ఆమె వచ్చి తొలి గింజ వేస్తే తప్ప ఇంకెవరి పారా నేలకి తగలకూడదు.

మా లువో జనంలో అది తాతలనాటి పద్ధతి. ఇంటి పెద్దవాళ్లు పోయాక పెద్దకొడుకూ అతని పెళ్లామూ కలిసి ముందు విత్తాలి. తర్వాత రెండో కోడలు, ఆ తర్వాత మూడో కోడలు. వరస తప్పి చిన్నది ముందు విత్తిందా, ఆ ఇంటికి చిరా పట్టుకుంటుందని భయం. చిరా అంటే మందుకి లొంగని జబ్బు, పిల్లలు తింటూ తింటూనే చిక్కిపోతారు. ఇవన్నీ మేం నమ్మం అని పట్నంలో గొప్పలు పోయేవాళ్లు కూడా సొంత పొలంలో పార వెయ్యబోయే ముందు అన్నకి ఫోన్ చేసి, "వదిన వేసిందా?" అని కనుక్కుంటారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. గింజ వేసే ముందు రోజు మొగుడూ పెళ్లామూ ఒకే కప్పు కింద పడుకోవాలి. సెలవు చీటీలో ఈ ముక్క ఎలా రాయాలో సిప్రోజాకి ఏ ఏడూ తోచలేదు.

ఆమె పుట్టింది ఉయోమాలో. మాలో కోడలిని పుట్టినూరి పేరుతోనే పిలుస్తారు కాబట్టి జుట్టు నెరిసినా ఆ లోగిలిలో ఆమె ఉయోమా పిల్లే. మొగుడు జబులోన్ పడవలు చేసే వడ్రంగి. మాట తక్కువ మనిషి, ఏదైనా చెప్పాలంటే ముందు చెక్కని రెండుసార్లు చిత్రిక పట్టి గానీ నోరు తెరవడు. పెళ్లయిన కొత్తలో ఆమెకి ఊళ్లో బడిలోనే ఉద్యోగం. బడి గంట వంటింట్లోకి వినబడేది. బీన్సు పొయ్యి మీద పడేసి వెళ్లి, మధ్యాహ్నం గంటకి వచ్చి దించుకునేది. ఇంతకంటే సుఖమైన ఉద్యోగం మంత్రులకి కూడా లేదని అప్పుడు ఆమెకి తెలియలేదు. మనకెవరికి తెలుస్తుంది గనక.

అత్తగారు బతికున్నంత కాలం తొలి గింజ ఆవిడదే. ఆవిడ పోయిన ఏడు పని సిప్రోజా మీద పడింది. అప్పటికి బళ్లో వందమందిని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి, ఆ తెల్లవారుజామున మాత్రం చిటికెడు గింజలు పట్టుకుని తటపటాయించింది. వెనక నిలబడ్డ జబులోన్ మేనత్త అబుయా ఊరుకుంటుందా.

"గింజ వేస్తున్నావా, కూరలో ఉప్పు వేస్తున్నావా? గట్టిగా వెయ్యవే!"

వెనక ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. జబులోన్ కర్రతో గుంట చేశాడు, ఆమె జొన్నలు జారవిడిచి మడమతో మన్ను కప్పింది. అంతే, వెనకనించి ఆడవాళ్ల కేకలు సరస్సు దాకా వెళ్లాయి. అరికాలి కింద తడి నల్లమన్ను మెత్తగా దిగబడటం, వీపు వెనక అందరూ తన కోసం ఆగి ఉండటం, ఆ రెండూ ఆమెకి ప్రాణమైపోయాయి. ఇంట్లో మాట చెల్లించుకోవాలంటే పోట్లాడాలి, బళ్లో కళ్లెర్రజెయ్యాలి. ఏమీ అనకుండానే తనని ముందు నిలబెట్టే రోజు ఏడాది మొత్తంలో అదొక్కటే.

తర్వాత పైవాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. పైవాళ్లకి ఆలోచన వస్తే కిందవాళ్లు మూటలు సర్దుకోవాల్సిందే. సొంతూళ్లలో పంతుళ్లు పాతుకుపోతున్నారు, దూరం పంపితే దేశమంతా ఒక్కటవుతుంది అన్నారు. దేశం సంగతి నాకు తెలియదు గానీ సిప్రోజా కాపురం మాత్రం రెండయింది. ఆమెని ఉత్తరాన టర్కానా ఇసుకలో ఒక బడికి వేశారు.

అక్కడా ఒక సరస్సు ఉంది. నీళ్లు ఉప్పగా ఉంటాయి. చేపలూ ఉన్నాయి, ఆమె నోటికి ఎక్కలేదు. రేకుల కప్పు కింద పిల్లలు నేల మీద ఎంత కిక్కిరిసి కూర్చునేవాళ్లంటే బల్ల దగ్గర్నించి బోర్డు దాకా వెళ్లాలంటే ఎవరి వేళ్లో ఒకరివి తొక్కాల్సిందే. తాగే నీళ్లు గాడిద మీద వచ్చేవి, గాడిదకి మనసైనప్పుడు. పిల్లలు మాత్రం బంగారాలు. మ్వాలిము, మ్వాలిము అంటూ కొంగు వదిలేవాళ్లు కాదు. వాళ్ల భాషలో కాదు, స్వాహిలీలో పంతులుకి ఆ మాట.

పాఠం పుస్తకంలో 'మార్చిలో వానలు మొదలవుతాయి, రైతులు విత్తనాలు వేస్తారు' అని ఉంది. అది చదివించిన రోజున ఒక ఆడపిల్ల లేచి, "అందరూ ఒక్కసారే వేస్తారా మ్వాలిము?" అని అడిగింది. "పుస్తకంలో అంతే ఉందమ్మా, కూర్చో" అంది సిప్రోజా. ఆ సాయంత్రం రేడియో చెవికి ఆనించుకుని, సరస్సు ప్రాంతాల్లో వానలు అనే మాట కోసం మొత్తం వార్తలు విన్నది. ఊరి మీద బెంగ అంటే ఏమిటో ఆమెకి ఆ ఇసుకలోనే తెలిసింది. కళ్లు మూసుకుంటే మనుషులకంటే ముందు మన్ను వాసన గుర్తొచ్చేది.

మొదటి ఏడు హెడ్మాస్టరు జాలిపడి సెలవిచ్చాడు. రెండో ఏడు కొత్తాయన వచ్చాడు. "విత్తనాలు వెయ్యడానికి సెలవేంటమ్మా, మీ ఇంట్లో మనుషులు లేరా?" అనే రకం. అది ముందే పసిగట్టి సిప్రోజా ఒక తెలివైన పని చేశానని అనుకుంది. జనవరిలో బడికి బయల్దేరే ముందు రోజు, జబులోన్‌ని వెంటబెట్టుకుని వెళ్లి ఎండు నేలలోనే గుంట చేయించి జొన్నలు పాతిపెట్టింది. వాన ఎప్పుడు పడితే అప్పుడు పడనీ, తొలి గింజ లోపలే ఉంది కదా, మిగతావాళ్లు వేసుకోవచ్చు. బస్సులో కూర్చుని తనలో తనే నవ్వుకుంది కూడా.

ఆమె బస్సు దారిలోని కిటాలే పట్నం దాటే లోపే మేనత్త కోడిపుంజు ఆ గుంట గీరి గింజలన్నీ మింగేసింది.

మార్చిలో వాన పడింది. తోటికోడలు అకుము, అంటే రెండో కొడుకు పెళ్లాం, పార పట్టుకుని లేచింది. అబుయా ముసలమ్మ కర్ర అడ్డం పెట్టింది. "కోడి కడుపులో పడ్డది విత్తనమెట్లా అవుతుందే? పోయి ఆ పుంజునే అడుగు, మీ ఇంటికి పెద్దకోడలు అదేనేమో!" చుట్టూ అందరూ నవ్వారు, అకుము నవ్వలేదు. సిప్రోజా ఏప్రిల్ సెలవులకి వచ్చేదాకా లోగిలి మొత్తం చేతులు కట్టుకుని కూర్చుంది. ఆలస్యంగా వేసిన జొన్న కంకి పాలు పోసుకునే వేళకి వానలు వెళ్లిపోయాయి. ఆ ఏడు అకుము పిల్లలు పలచటి గంజి తాగారు.

ఆగస్టులో ఇంటికి వెళ్లినప్పుడు అకుము మొహం మీదే అనేసింది. "నీకేం అక్కా, నెల తిరిగితే జీతం. నాకు జొన్నే జీతం. నీ సుద్దముక్క కోసం నా పిల్లలు ఎండాలా?"

"నేను కావాలని ఉన్నానా అక్కడ?"

"నాకేం తెలుసు. నువ్వుండేది అక్కడ, ఆకలేసేది ఇక్కడ."

అంతకు ముందు వారంవారం ఫోన్ చేసి ఊరి కబుర్లన్నీ ఊదే అకుము, ఆ తర్వాత ఫోన్ చెయ్యడం మానేసింది. సిప్రోజా చేసినా రెండు ముక్కలు మాట్లాడి, పొయ్యి మీద ఏదో మాడుతోందని పెట్టేసేది. ఆ పొయ్యి మీద నెలల తరబడి ఏదో ఒకటి మాడుతూనే ఉంది.

సిప్రోజాకి సంఘం అంటే అంతకు ముందు జీతంలోంచి కోసే చందా, అంతే. మూడో ఏడు మొదట్లో లోద్వార్ పట్నంలో ఉపాధ్యాయ సంఘం మీటింగు పెడితే, నీడలో కూర్చోవచ్చని వెళ్లింది. ఎవరెవరికి ఏం కష్టాలున్నాయో చెప్పమన్నారు. జీతం, నీళ్లు, ఇల్లు, క్లాసులో పిల్లల సంఖ్య. ఆమె వంతు వచ్చినప్పుడు ఎందుకో కోడిపుంజు కథ చెప్పింది. హాలు విరగబడి నవ్వింది. నవ్వు ఆగాక కాంబా తెగకి చెందిన ఒక పంతులు లేచి, మంచాన పడ్డ తన తల్లి ఇంకెవరి చేతి ముద్దా తినదని చెప్పాడు. ఒకామె చంటిబిడ్డని చెల్లెలి దగ్గర వదిలి వచ్చిందట, బిడ్డ చెల్లెల్ని అమ్మా అంటోందట. చెప్పి కూర్చోలేక నిలబడిపోయింది. ఆ రోజు సిప్రోజాని పైస్థాయి చర్చల బృందానికి ఎన్నుకున్నారు. కోడిపుంజు పుణ్యమే అనాలి.

సంఘం పెద్ద పేరు మ్వేంద్వా. భారీ మనిషి, చెయ్యి తిరిగిన బేరగాడు. కోరికల పత్రం తయారైనప్పుడు ఆమెని పక్కకి పిలిచాడు. జీతం పెంపు మొదట ఉంది, కష్టప్రాంతాల భత్యం తర్వాత, క్లాసుకి ఇంతమందే పిల్లలు అన్నది ఆ తర్వాత. దూరం పంపినవాళ్లని సొంత ప్రాంతాలకి తిరిగి పంపాలన్నది అన్నిటికంటే అడుగున.

"మ్వాలిము, మీ కోరిక చివర ఉంది, చూశారు కదా. బేరంలో చివరిదాన్ని ముందు అమ్మేస్తారు. ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

"పైన పెట్టండి మరి."

"పైన పెడితే ఇంకా ముందు అమ్మేస్తాం" అని పొట్ట కదిలేలా నవ్వాడు.

నైరోబీలో ఒక హోటల్ హాల్లో చర్చలు. పొడుగు బల్ల, అటు సర్కారు పక్షం, ఇటు సంఘం. మధ్యలో టీ ఫ్లాస్కులు, నూనెలో వేయించిన మందాజీ రొట్టెలు. చర్చలంటే వాదించుకోవడం అనుకుని వెళ్లింది సిప్రోజా. తీరా చూస్తే ఎక్కువ భాగం మందాజీలు తినడమే. సర్కారు పక్షాన మాట్లాడేది లాంగాట్ అనే సన్నటి పెద్దమనిషి, మర్యాదకి మారుపేరు. ఏం చెప్పినా చెవిని ఇటు వంచి విని, "గమనించాం" అనేవాడు. జీతం చాలట్లేదంటే గమనించాం. కప్పు ఎగిరిపోయిందంటే గమనించాం.

"మీరు గమనించినవన్నీ పోగేస్తే గోదాము కట్టాలి సార్" అన్నాడు మ్వేంద్వా.

"అదీ గమనించాం" అన్నాడు లాంగాట్, నవ్వకుండా.

ఫిబ్రవరిలో మొదలైన బేరం మార్చిలోకి సాగింది. ఈ వారాంతానికి తేలకపోతే సమ్మె అని సంఘం నోటీసిచ్చింది. ఆ వారమే చివరి కోరిక బల్ల మీదికి వచ్చింది. మ్వేంద్వా సిప్రోజానే మాట్లాడమన్నాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది, ఒకే కప్పు సంగతి ఒక్కటి మినహాయించి.

లాంగాట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు అర్థం కాలేదు మేడమ్. ఒక్క గింజ. మీ ఆయన వేసెయ్యొచ్చు కదా?"

"కుదరదు సార్. ఇద్దరం ఉండాలి."

"మీ తోటికోడలు?"

"తను నా తర్వాత."

"మీకు జబ్బు చేస్తే ఏం చేస్తారు మరి?"

"ఆగుతారు."

"అయితే ఇప్పుడూ ఆగుతారు!" బల్ల అటూ ఇటూ కూడా నవ్వారు.

"నాకు జబ్బు చెయ్యలేదు సార్. నేను బాగానే ఉన్నాను. టర్కానాలో ఉన్నాను."

నవ్వు ఆగలేదు, కాస్త సన్నగిల్లింది. లాంగాట్ ఏదో రాసుకుని, గమనించాం అన్నాడు. సిప్రోజాకి ఏడుపొచ్చినంత పనైంది. మందాజీ ఒకటి తీసుకుని, తినకుండా ముక్కలు ముక్కలు చేస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున జబులోన్ ఫోన్ చేశాడు. "వాన పడింది."

"గట్టిగానా?"

"దుంగలు కొట్టుకుపోయేంత. ఎప్పుడొస్తావు?"

"ఈ బేరం తెగనీ. మధ్యలో లేచి వస్తే ఆ చివరి ముక్క కొట్టేస్తారు."

అవతల మాటకి చిత్రిక పడుతున్నాడనుకుంది. "నేల ఆగదే ఉయోమా పిల్లా" అన్నాడు చివరికి. ఆ తర్వాత ఆమె ఎప్పుడు చేసినా ఫోన్ కట్టేసే ఉంది. పడవ మీద వెళ్లి ఉంటాడు, ఛార్జింగు అయిపోయి ఉంటుంది అని తనకి తనే చెప్పుకుంది. రెండూ అబద్ధాలని తనకే తెలుసు.

వారం చివరి రోజు సర్కారు పక్షం తన మాట చెప్పేసింది. జీతం పెంచుతారు, అడిగినంత కాకపోయినా చెప్పుకోదగ్గంత. కష్టప్రాంతాల భత్యం ఇస్తారు. పిల్లలు మరీ ఎక్కువున్న బళ్లకి కొత్త పంతుళ్లని వేస్తారు. తిరిగి సొంతూళ్లకి పంపడం మాత్రం కుదరదు, ఆ ముక్క పత్రంలోంచి తీసెయ్యాలి. ఒప్పుకుంటే సాయంత్రానికి సంతకాలు.

సంఘం వాళ్లు పక్కగదిలోకి వెళ్లారు. బృందంలో అందరి చేతులూ లేస్తేనే ఒప్పందం, అది సంఘం నియమం. ఒక్కొక్కరే చెయ్యెత్తారు. మంచాన పడ్డ తల్లి ఉన్న కాంబా పంతులు కూడా ఎత్తాడు, ఎత్తి నేల చూపులు చూశాడు. అందరూ సిప్రోజా వంక తిరిగారు.

"మ్వాలిము, సమ్మె అంటే బళ్లు మూత. కుర్ర పంతుళ్లు అద్దె కట్టలేక చస్తున్నారు. నేను మిమ్మల్ని బలవంతం చెయ్యను" అన్నాడు మ్వేంద్వా, బలవంతం చేసే గొంతుతోనే.

"నాకో ఫోన్ చేసుకోనివ్వండి" అందామె.

వరండాలోకి వచ్చింది. జబులోన్ ఫోన్ కట్టేసే ఉంది. కాసేపు నిలబడి, అకుముకి చేసింది. ఎత్తదనుకుంది, ఎత్తింది.

"అకుమూ, ఇంకొక్క రెండు మూడు రోజులు ఆగగలరా? ఎలాగోలా వచ్చేస్తాను. మీరు..."

అప్పుడు వినబడింది. అకుము గొంతు వెనకాల, తడినేలలో పారలు దిగుతున్న చప్పుడు. ఒకటి కాదు, వరసగా చాలా. వాటి తాళానికి ఆడవాళ్ల పాట. విత్తేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ పాడని పాట. చివర్లో ఎవరో కేక వేశారు, అది గింజ పడ్డాక వేసే కేక అని గుర్తుపట్టడానికి సిప్రోజాకి కళ్లతో చూడక్కర్లేదు.

అకుము చెయ్యి అడ్డం పెట్టినట్టుంది, చప్పుడు మూసుకుపోయింది. "ఎవరూ పార ముట్టలేదు అక్కా" అంది. గొంతు పీలగా ఉంది. "అందరం నీ కోసమే కూర్చున్నాం. రా."

సిప్రోజా గోడకి ఆనుకుంది. పోయిన ఏడు తిట్టిన తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. తిట్టారంటే ఆగారనే కదా. ఇప్పుడు తిట్టడానికి కూడా తను అక్కర్లేదు. చిరా అంటే వణికిపోయే అకుము, పిల్లల ఆకలికి భయపడి చిరాకి ఎదురు నిలబడింది. తప్పు పట్టడానికి సిప్రోజాకి నోరు రాలేదు.

"ఆగండి అయితే" అంది. "వస్తున్నాను. పొయ్యి మీద ఏదైనా మాడుతోందేమో చూసుకో."

గదిలోకి తిరిగి వచ్చేసరికి అందరూ ఆమె మొహమే చూస్తున్నారు.

"చెయ్యెత్తుతాను. ఎత్తే ముందు లోపల ఒక మాట అడగనివ్వండి."

"ఏం మాట?" అన్నాడు మ్వేంద్వా అనుమానంగా.

"బదిలీ వద్దు. సెలవు అడుగుతాను. విత్తే రోజులకి, ఎక్కడున్నా ఇంటికి వెళ్లి రావడానికి."

కాంబా పంతులు నెమ్మదిగా అన్నాడు, "మీవాళ్లు ఆగి ఉన్నారా అమ్మా?"

"లేరు" అంది సిప్రోజా. ఆ మాట బయటికి అనేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. "విత్తేశారు. వాళ్లకి నేను అక్కర్లేకపోవచ్చు, బాబూ. నాకా గింజ కావాలి."

మ్వేంద్వా లేచి తలుపు తీశాడు.

లాంగాట్ చెవి వంచి విన్నాడు. ఈసారి గమనించాం అనలేదు. పక్కన కూర్చున్న లెక్కలాయన చెవిలో ఏదో అడిగాడు. లెక్కలాయన తల అడ్డంగా ఊపి, దీనికేం ఖర్చు లేదు సార్ అన్నాడు, అందరికీ వినబడేలానే. ఆ ఖర్చు లేని మాటే పని చేసింది. మనసు కరిగిందని రాస్తే బాగానే ఉంటుంది గానీ, జరిగింది ఇది. పొలం పనులు మొదలయ్యే రోజుల్లో దూరప్రాంత ఉపాధ్యాయులకి ప్రత్యేక సెలవు అని ఒక వాక్యం పత్రంలోకి ఎక్కింది. కుర్ర పంతుళ్లు బల్లలు చరిచారు. దానికి అప్పటికప్పుడే తొలి గింజ సెలవు అని పేరు పెట్టేశారు. మ్వేంద్వా ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపాడు.

"చివరిదాన్ని అమ్మకుండా మిగుల్చుకున్నది మీరొక్కరే మ్వాలిము! నేనైనా ఇంత బేరం ఆడలేను."

సిప్రోజా నవ్వింది. అందరూ వెళ్లి మళ్లీ మందాజీల మీద పడ్డారు.

పత్రం పైకి వెళ్లి, ముద్ర పడి, టర్కానా హెడ్మాస్టరు బల్ల మీదికి వచ్చేసరికి మార్చి అయిపోవచ్చింది. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనలేక సంతకం పెట్టాడు. ఆ సెలవు వాడుకున్న మొదటి మనిషి సిప్రోజాయే.

బస్సు దిగేసరికి జబులోన్ నిలబడి ఉన్నాడు. ఆమె మొహం వంక చూడకుండా సంచీ అందుకున్నాడు. ఇంటికి వెళ్లే దారి ఎప్పుడూ పొలం గట్టు మీదుగానే. ఆ రోజు అతను ఒడ్డు దారి పట్టాడు, చుట్టూ తిరిగి, పడవల మధ్యనించి. ఎందుకని ఆమె అడగలేదు. అతని చొక్కా వీపు మీద రంపపు పొట్టు ఉంటే దులిపింది. అతను నడక నెమ్మది చేశాడు, అంతే.

మర్నాడు పొద్దున లోగిలి ఆడవాళ్లంతా పారలు భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డారు, ఎప్పటిలాగే. అకుము అందరికంటే ముందు నిలబడి ఉంది, కళ్లు కిందికి దించుకుని. అందరూ పొలానికి నడిచారు.

పొలమంతా వేలెడేసి జొన్న మొలకలు. పచ్చగా, వరసలు తీర్చి, గాలికి ఒక్కటిగా ఊగుతున్నాయి. దారి దగ్గర ఒక్క మూల మాత్రం చాప పరిచినంత నేల ఖాళీగా ఉంది. కలుపు తీసి, రాళ్లేరి, మన్ను గుల్ల చేసి పెట్టారు. అకుము ఆ మూల చూపించింది.

"నీ కోసం ఆగాం అక్కా."

"తెలుసు" అంది సిప్రోజా.

జబులోన్ కర్రతో గుంట చేశాడు. ఆమె చెప్పులు విడిచి ఆ చాపంత నేలలో అడుగు పెట్టింది. తడి మన్ను అరికాళ్లని లోపలికి తీసుకుంది. ఇన్నాళ్లు ఇసుకలో తిరిగిన కాళ్లు. ఆమెకి అక్కడే కూర్చుండిపోవాలనిపించింది, కూర్చుంటే మళ్లీ లేవనని భయమేసింది. గింజలు జారవిడిచి మడమతో మన్ను కప్పింది. వెనక ఆడవాళ్లు కేకలు వేశారు. అకుము అందరికంటే గట్టిగా వేసింది, వేస్తూ వేస్తూ ఏడ్చేసింది.

మేనత్త అబుయాకి చూపు ఆనదని అందరూ అంటారు. ముసలమ్మ కర్ర ఊతంతో వంగి నేల తడిమింది. ఆమె వేళ్లకి మొలకలు తగిలాయి. ఒకటి, పక్కన ఇంకొకటి, వరసగా. ఆడవాళ్లందరి ఊపిరీ ఆగింది. అబుయా నిదానంగా నడుం ఎత్తింది.

"ఈ ఏడు గడ్డి బాగా మొలిచిందే" అంది. తర్వాత గొంతు పెంచి, "పెద్దకోడలు గింజ వేసింది. ఇక మీరూ వేసుకోండి!"

వేసుకోవడానికి నేలెక్కడుంది. పారలు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అకుమే ముందు కదిలింది. మొలకల మధ్య జాగ్రత్తగా పార దింపి, లేని కలుపు తీయడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన చేరారు. విత్తే పాట ఎత్తుకున్నారు. సిప్రోజా కూడా ఒక పార అందుకుని వాళ్ల మధ్య నిలబడి పాడింది. ఎండ ఎక్కేదాకా ఎవరూ ఇంటికి పోలేదు.

సెలవు అయిపోయిన రోజున బస్సు దాకా అకుము వచ్చింది, సంచీ తనే నెత్తిన పెట్టుకుని. బస్సు కదిలే ముందు కిటికీ ఊచ పట్టుకుంది.

"వచ్చే ఏడు కాస్త ముందు రా అక్కా. గడ్డి మొలవకముందే రా."

సిప్రోజా తల ఊపింది. బస్సు పొలం గట్టు పక్కనించే వెళ్లింది. ఆ చాపంత మూల నల్లగా, ఇంకా ఏమీ మొలవకుండా ఉంది. అది కనబడకుండా పోయేదాకా ఆమె మెడ తిప్పి చూస్తూనే ఉంది.